తోమకుండా దాచిన వెండి రూపాయి

నల్లబడ్డ వెండిని చూస్తే మన ఇళ్లల్లో ఎవరి చెయ్యీ ఊరుకోదు. కుంది కానీ, గిన్నె కానీ, చిన్నప్పటి పట్టీలు కానీ, కాస్త మసకబారితే చాలు, చింతపండు నానేస్తారు, బూడిద తెస్తారు, అరచేతులు మండేదాకా రుద్దుతారు. తెల్లగా మెరిసిందా, మంచి వెండి. మెరవలేదా, మురికి. నేనూ అలాగే పెరిగాను. శ్రావణమాసం వస్తే మా అమ్మ వెండి సామానంతా ముందరేసుకుని కూర్చునేది, నేను నీళ్లు పోసేదాన్ని. అందుకే వెండిని తోమకుండా ఏళ్ల తరబడి దాస్తానని చెబితే జనం నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు ఎందుకు చూస్తారో నాకు తెలుసు. తెలిసినా ఒళ్లు మండుతుంది.

ఇబ్రహీంపట్నంలో సాగర్ రోడ్డు మీద నాకొక చిన్న దుకాణం ఉంది. పెండ్లి కార్డులు అచ్చేస్తాం. చుట్టుపక్కల ఊళ్లలో ఎవరింట్లో లగ్గం పెట్టుకున్నా మొదట తెలిసేది నాకే. మా ఆయన బస్సు డిపోలో మెకానిక్. అత్తమ్మ మాతోనే ఉంటుంది. మరిది, అతని భార్య అప్పట్లో బడంగ్‌పేట్‌లో కిరాయికి ఉండేవాళ్లు. ఆమె నాకు యారాలు. పుస్తకాల్లో తోడికోడలని రాస్తారు, మా నోటికి మాత్రం యారాలే. నేను చెప్పబోయే లొల్లిలో మనుషులు ఇంతే.

మా దుకాణం పక్కనే అవుసులాయన, అంటే కంసాలి, దుకాణం. ఒక రోజు ఏదో పని మీద అక్కడికి పోయాను. ఒక ముసలామె మనవరాలికి పట్టీలు చేయించాలని నిజాం కాలం నాటి చార్మినార్ రూపాయలు తెచ్చి కరిగించమంటోంది. ఏండ్లకేండ్లు తోమి తోమి అరగ్గొట్టిన రూపాయలు, చార్మినార్ ఉందా లేదా అని వెతుక్కోవాలి. వాటిలో ఒకటి మాత్రం వేరు. ఏ తమలపాకుల సంచిలో ఎన్నాళ్లు పడి ఉందో, దాన్నెవరూ తోమలేదు. అంచు చుట్టూ నీలం, లోపలికొస్తే ముదురెరుపు, నడుమ తేనె రంగు. ఎండ తగిలిన పావురం మెడలాగా ఉంది. అవుసులాయన దాన్ని కూడా మూసలో వేయబోయాడు.

"ఆగన్నా, గది నాకియ్యి" అన్నాను.

"గిదేం జేస్కుంటవక్కా, ఖరాబైంది. తెల్లగున్నది ఇస్త తీసుకో."

"ఖరాబైందే గావాలె నాకు."

నవ్వి ఇచ్చాడు. ముసలామె కూడా నవ్వింది. అట్లా మొదలైంది నా పిచ్చి.

ఆ రంగులెట్లా వచ్చాయో చెప్పింది హయత్‌నగర్‌లో పాత నాణేలు అమ్మే ఒక పెద్దాయన. రూపాయిని చూపిస్తే దాన్ని అంచుల మీద పట్టుకుని, కిటికీ దగ్గర అటూ ఇటూ వంచి చూశాడు. తర్వాత అన్నాడు: "వెండి గాలిని తింటదమ్మా. మెల్లగ తింటే రంగులొస్తయ్. జల్ది తింటే మసి అయితది. ఉడకబెట్టిన గుడ్డు పక్కన డబ్బాల పెట్టి ఒక్క పూటల రంగెక్కిస్తరు కొందరు. గది దొంగరంగు. చూసినోనికి ఎరుకైతది." నాకు దొంగరంగు వద్దు, అసలు రంగు పెంచుకోవాలంటే ఏం చేయాలని అడిగాను. "ఏం జెయ్యొద్దు. గదే కష్టం" అన్నాడు.

ఏం చేయకుండా ఉండటం ఎంత కష్టమో ఆయన చెప్పింది అక్షరాలా నిజం. మొదట్లో అన్నీ చెడగొట్టాను. ఒక నాణేన్ని కాగితంలో చుట్టి రబ్బరు బ్యాండు వేస్తే, ఆ రబ్బరు మేర నడుముకు మొలతాడు కట్టినట్టు నల్లచార పడింది. ఇంకోదాన్ని ప్లాస్టిక్ కవర్లో పెడితే పచ్చగా జిగురు పట్టింది. వేలిముద్ర పడ్డ చోట వేలిముద్రే మిగిలింది. చివరికి నాకు అచ్చొచ్చింది మా దుకాణంలో కుప్పలుగా పడి ఉండే చవక పెండ్లి కార్డుల కవరే. ఆ కాగితంలో ఏ మందు కలుపుతారో నాకు తెలియదు. దానిలో పెట్టి ఇంట్లో చెక్క సొరుగులో ఉంచితే, ముందు లేత పసుపు, తర్వాత ఇటుక రంగు, ఆ తర్వాత నీలం, ఒకదాని వెనుక ఒకటి అంచు నుంచి లోపలికి నడిచొచ్చేవి. వానాకాలం తొందరగా, ఎండాకాలం నిదానంగా. మధ్యమధ్యలో తీసి తిప్పి పెట్టాలి. రంగు బాగా కుదిరిందనుకున్నప్పుడు గాలి తగలని డబ్బాలోకి మార్చేయాలి. ఆశపడి ఇంకా ఉంచితే మొత్తం నల్లబడిపోతుంది.

మా పనిలో ఒక ఆనవాయితీ ఉంది. కార్డులు అచ్చయ్యాక మొదటి కార్డుకు, దాని కవరుకు నాలుగు మూలలా పసుపు పెట్టి దేవుడి ముందర ఉంచుతారు. పెండ్లివాళ్లు కొందరు దుకాణంలోనే పసుపు పెట్టుకుంటారు. ఒకసారి ఒకాయన పసుపు పెట్టేశాక చూస్తే కవరు మీద పెండ్లి తేదీ తప్పు పడింది. ఆ కవరు నాకు మిగిలింది. బాగా అచ్చు తేరిన ఒక చార్మినార్ రూపాయిని దానిలో పెట్టాను. పసుపు మహిమో, కాగితం మహిమో, ఆ రూపాయికి పట్టిన రంగు ఇంకే రూపాయికీ పట్టలేదు. నాలుగు మినార్ల వెనుక ఆకాశం నీలంగా మారింది. కింద దర్వాజా దగ్గర బంగారు రంగు ఆగిపోయింది. చేతితో గీసినా అట్లా రాదు. ఏడెనిమిదేండ్లు పట్టింది దానికి. డబ్బాలోకి మార్చబుద్ధి కాక ఆ కవరులోనే ఉంచాను.

దాన్ని నేను చూపించింది ఇంట్లో ఒక్క మా ఆయనకే. అత్తమ్మకు చూపిస్తే చింతపండు తెమ్మంటుంది. ఆయన నూనె చేతులు తుడుచుకుని, ముట్టుకోకుండా వంగి చూసేవాడు. "డిపోల వాన నీళ్ల మీద డీజిల్ పడితే గిట్లనే ఉంటది" అన్నాడొకసారి. ఆ మాటకు నేను ఎంత పొంగిపోయానో! కవిత్వం చెప్పే మనిషి కాదు, పాటలు పాడే మనిషి కాదు. కానీ చూశాడు, తనకు తెలిసిన దానితో పోల్చాడు. నేను చేసే పని ఈ ఇంట్లో ఒక్కరికైనా కనబడుతోంది కదా అనుకున్నాను. ఆడదానికి అత్తింట్లో అంతకన్నా పెద్ద ఆస్తి ఏముంటుంది చెప్పండి.

నగరంలో నాణేలు సేకరించేవాళ్లు అప్పుడప్పుడు ఒక ప్రదర్శన పెడతారు. ఆ ఏడు హయత్‌నగర్ పెద్దాయన నా కోసం అక్కడ మాట్లాడి వచ్చాడు. చిన్న అద్దాల పెట్టె ఒకటి ఇస్తారట, దానిలో నా రూపాయి ఒక్కటే, పక్కన నా పేరు. "పేరు నువ్వే అచ్చేసుకొనిరా, నీదే గదా దుకాణం" అన్నాడు. ఊరందరి పేర్లూ అచ్చేశాను నేను. వరుడని, వధువని, పిలిచేవారని, ఆశీర్వదించేవారని. నా పేరు నా కోసం అచ్చేసుకోవడం అదే మొదలు. అక్షరాలు ఎంత పెద్దగా ఉండాలో తేల్చుకోలేక మూడు రకాలుగా వేసి చూసుకున్నాను. మా ఆయన సెలవు పెట్టి బండి మీద తీసుకుపోతానన్నాడు. నేను ఆ రోజు కోసమే చూస్తూ ఉన్నాను. చాలా రోజుల తర్వాత నాకంటూ ఒకటి ఎదురుచూడ్డానికి దొరికింది.

అంతకు ముందే వచ్చిపడింది మరిది వాళ్ల దర్వాజ ముహూర్తం. ఊరి బయట వెంచర్లో ప్లాటు కొని ఇల్లు కడుతున్నారు. పెద్ద దర్వాజ నిలబెట్టేటప్పుడు కింద గుంటలో నవధాన్యాలు, నవరత్నాలు, ఒక వెండి నాణెం వేసి, దాని మీద కడప, అంటే గుమ్మం కింది గడప కొయ్య, ఉంచి సిమెంటుతో కట్టేస్తారు. ఇల్లున్నంత కాలం అవి అక్కడే. ముహూర్తం పొద్దున్నే. నాకు లగ్గాల సీజను, ఒకరి కార్డులు ఆ పొద్దునే ఇవ్వాలి. ఇచ్చేసి నేరుగా ప్లాటు దగ్గరికి వస్తానని చెప్పి దుకాణానికి పోయాను. యారాలు స్కూటీ మీద మా ఇంటికి వచ్చి అత్తమ్మను, ఇత్తడి పళ్లాలను తీసుకుపోవాలని, మా ఆయన వెనుక బండి మీద రావాలని మాట.

నేను పోయేసరికి దర్వాజ నిలబడి ఉంది. మామిడాకులు కట్టారు, కొబ్బరికాయ ముక్కలు పంచుతున్నారు. అత్తమ్మ ముఖం వెలిగిపోతోంది.

"ఇగో, నీ రూపాయే పెట్టినం బిడ్డా కడప కింద" అంది. "మస్తు మెరిసింది. పంతులు గూడ మెచ్చుకున్నడు."

నాకేం అనుమానం రాలేదు. అవుసులాయన దగ్గర కొన్న అరిగిపోయిన రూపాయలు వేరే డబ్బా నిండా ఉన్నాయి, ఒకటి తీసుంటారు, పోతేపోనీ, ఇంటి శుభం అనుకున్నాను. కొబ్బరి ముక్క నోట్లో వేసుకున్నాను కూడా. యారాలు నా వైపు చూడకుండా పళ్లాలు సర్దుతోంది. అదీ పట్టించుకోలేదు.

ఇంటికి వచ్చి కాళ్లు కడుక్కుందామని పెరట్లోకి పోతే కుళాయి దగ్గర చింతపండు పిప్పి, బూడిద. కాళ్లు కడుక్కోకుండానే లోపలికి వచ్చాను. సొరుగు వైపు పోతూ దేవుడి గూటి దగ్గర ఆగాను. పసుపు మూలల కవరు దేవుడి ముందర పెట్టి ఉంది, దానిలో రెండు పువ్వులున్నాయి. రూపాయి లేదు.

నేను అరిచిన అరుపుకు పక్కింటివాళ్లు గోడ మీదుగా తొంగి చూశారు. చూడనీ. సొరుగు మొత్తం నేల మీద కుమ్మరించాను. కవరు కవరూ విప్పాను. అన్నీ ఉన్నాయి, అదొక్కటే లేదు. అంతలో మా ఆయన, అత్తమ్మ బండి దిగి లోపలికి వచ్చారు.

"గదే ఎందుకు తీసిన్రు? డబ్బా నిండ ఉండంగ గదే ఎందుకు?"

అత్తమ్మ నా అరుపుకు బిత్తరపోయింది. "పసుపు వెట్టి దాచినవ్ గద బిడ్డా. పసుపు వెట్టినవంటే దేవునికి మొక్కుకొని పక్కకు వెట్టినవనే గద. మైలది కడప కింద పెడ్తమా? గందుకే గది తీసిన్రు."

ఆమె మాటలో తప్పు పట్టడానికి నాకు సందే లేదు. ఏ ఇంట్లో ఎవరినడిగినా అదే చెబుతారు. నాలుగు మూలలా పసుపు ఉందంటే అది దేవుడి సొమ్ము. దుకాణంలో రోజూ చూసే పసుపే కాబట్టి నాకది వట్టి కవరైంది. వాళ్లకు మొక్కైంది.

"తోమిందెవరు?" అని అడిగాను.

అత్తమ్మకు తెలియదు, ఆమె అప్పుడు స్నానం చేస్తోందట. మా ఆయన చెప్పుల వైపు చూస్తూ అన్నాడు: "మరదలు వచ్చి తీస్కపోయింది. హడావిడిల ఉంటిమి. ఇప్పుడేమైందే, రూపాయే గదా. ఇంకోటి పెట్టుకో కవర్ల."

ఇంకోటి పెట్టుకోవాలట! బియ్యం పొయ్యి మీద పెట్టుకున్నట్టు!

చెప్పులు కూడా సరిగ్గా వేసుకోకుండా ప్లాటు దగ్గరికి ఆటోలో పోయాను. మేస్త్రీ ఇంకా అక్కడే ఉన్నాడు. కడప కింద నుంచి రూపాయి తీయొచ్చా అనడిగితే నా ముఖంలోకి చూసి, "దర్వాజ పీకాలె అమ్మా. ముహూర్తానికి నిలవెట్టిన దర్వాజ ఎవలన్న పీకుతరా?" అన్నాడు. మరిది అక్కడే నిలబడి విన్నాడు. పాపం, వచ్చి దర్వాజకు అడ్డంగా నిలబడ్డాడు. కట్టుకుంటున్న ఇంటి గుమ్మం వదిన పగలగొట్టమంటోందని అనుకున్నాడు. నిజంగానే అనేదాన్ని. గడ్డపార కనబడితే నేనే తీసుకునేదాన్ని. అయినా తీసి ఏం చేయను? తోమేశాక దానిలో ఏముంది? నాలుగు మినార్ల తెల్ల వెండి బిళ్ల. ఏడెనిమిదేండ్ల రంగు మా కుళాయి దగ్గర బూడిదలో పోయింది.

అక్కడే ఉన్న యారాలి మీద పడ్డాను. "నీకు చెయ్యి ఎట్లొచ్చింది? అడగాలని తెల్వదా? ఫోను లేదా?" అని నోటికొచ్చినట్టు అన్నాను. తల వంచుకుని విని, "తప్పయిందక్కా" అంది. అంతే. ఆ ఒక్క మాట నన్ను ఇంకా మండించింది. తప్పయిందంటే సరిపోతుందా? ఆ రోజు నుంచి ఆమెతో మాట్లాడటం మానేశాను. ఇంటికి వస్తే చాయ అత్తమ్మే పోసిచ్చేది. ఫోను చేస్తే మా ఆయనకు ఇచ్చేదాన్ని.

హయత్‌నగర్ పెద్దాయనకు రావటం లేదని చెప్పాను. ఎందుకమ్మా అంటే రూపాయి లేదన్నాను. పోయిందా అన్నాడు. పోలేదు, మా మరిది కడప కింద ఉందన్నాను. సరేనమ్మా అని ఫోను పెట్టేశాడు. ఆయన కూడా మన ఇళ్లల్లో పుట్టిన మనిషే, అర్థం చేసుకుని ఉంటాడు. మా ఆయన ఆ రోజుకు పెట్టిన సెలవు రద్దు చేసుకున్నాడు. నాకు ఆయన మీద జాలి కూడా కలిగింది. నాతోపాటు ఆ రంగు చూసినవాడు ఆయనొక్కడే, ఆయనకూ బాధగానే ఉంటుంది, తమ్ముడి కోసం పైకి చెప్పుకోలేకపోతున్నాడు అనుకున్నాను. చూశారా, ఎంత వెర్రిదాన్నో.

ఇల్లు పూర్తయింది. గృహప్రవేశానికి పోక తప్పుతుందా? పెద్దకోడలిని. బడంగ్‌పేట్ నుంచి, మీర్‌పేట్ నుంచి చుట్టాలందరూ వచ్చారు. మా ఆయన కొత్త అంగీ వేసుకుని గుమ్మం దగ్గర నిలబడి వచ్చినవాళ్లందరికీ చెబుతున్నాడు: "కడప కింద మా ఇంటామె రూపాయే ఉన్నది. నిజాం కాలంది. తమ్మునింటికని తన చేతులతోని ఇచ్చింది." వాళ్లు నన్ను చూసి చేతులు జోడిస్తున్నారు. ఒకామె నా గదుమ పట్టుకుని, "గింత మంచి మనసు ఎవలకుంటది తల్లీ" అంది. నేను నవ్వాలి. నవ్వాను. దవడలు నొప్పి పుట్టాయి.

కడపకు పసుపు రాయమని పంతులు నన్నే పిలిచాడు. పసుపు గిన్నె చేతికిచ్చారు. కూర్చున్నాను గానీ నా చెయ్యి ముందుకు పోలేదు. యారాలు వచ్చి పక్కన కూర్చుని, గిన్నె నా చేతిలోంచి తీసుకుని తానే రాయడం మొదలుపెట్టింది. రాస్తూ రాస్తూ, తల ఎత్తకుండా, నాకు మాత్రమే వినబడేటట్టు అంది:

"అక్కా, ఇయ్యాల కొత్తింట్ల అడుగు వెడుతున్న. మనసుల వెట్టుకొని అడుగు పెట్టబుద్ధి అయితలేదు. నేను తోమలే. నేను వచ్చేసరికే బావ కుళాయి కాడ కూసొని తోముతుండె. మీ అక్కకు చెప్పకు, లొల్లి జేస్తది అన్నడు. ఇన్ని దినాలు గందుకే ఊకున్న."

పసుపు రాయడం అయిపోయింది. కుంకుమ బొట్లు నేనే పెట్టాను, ఆమె చూపించిన చోటల్లా. అన్ని నెలలు నా తిట్లు మోసిన మనిషికి ఆ పూట నేను చేయగలిగింది అదే.

తిరిగొచ్చేటప్పుడు బండి మీద వెనుక కూర్చుని అడిగాను. "నువ్వే తోమినవా?"

బండి నెమ్మదించింది. "ఎవరు చెప్పిన్రు?"

"తోమినవా లేదా?"

"అవ్, తోమిన. ఏం జెయ్యాలె మరి? గంత నల్లగయింది. నువ్వు పసుపు కవర్ల పెట్టి మంచిగ దాస్తివి గానీ, ఇన్నేండ్లల్ల ఒక్కసారన్న తోమకపోతివి. దుకాణంల నీకు తీరుతలేదనుకున్న. మంచిగ రుద్దిన, సబ్బుతోని గూడ కడిగిన. తళతళ మెరిసింది, నువ్వు చూడకపోతివి గానీ."

"రంగులుండె గదా దాని మీద."

"ఏం రంగులే?"

ఎగతాళి చేయలేదు. అబద్ధం చెప్పలేదు. నిజంగానే అడిగాడు. ఎన్నిసార్లు ఆయన ముందర ఆ కవరు విప్పానో, కిటికీ దగ్గరికి పిలిచి వంచి చూపించానో, అన్నిసార్లూ ఆయన నన్ను సంతోషపెట్టడానికి తల ఊపి వెళ్లాడు. డిపోలో డీజిల్ అన్నది కూడా మురికి అన్న అర్థంతోనే, రంగులనుకున్నది నేను. చింతపండు అత్తమ్మ చేతిలో ఉంటుందని భయపడి నేను ఆయనకు చూపించాను. ఆ మిగతా దారంతా ఆయన తమ్ముడి ఇంటి టైల్స్ గురించి మాట్లాడుతూనే ఉన్నాడు.

నాణేలు దాచడం మానలేదు నేను. ఎందుకు మానాలి? కవర్లు మారుస్తున్నాను, పసుపు తగిలినవి దగ్గరికి రానివ్వను. సొరుగుకు తాళం కూడా పెట్టించాను. ఈ ఇంట్లో నేను కాపురానికి వచ్చినప్పటి నుంచి దేనికీ తాళం వేసుకున్నదాన్ని కాదు. మొన్న తాళంచెవి పుస్తెలతాడుకు పిన్నీసుతో తగిలించుకుంటుంటే మా ఆయన చూశాడు.

"మనింటికి దొంగలెవరొస్తరే? ఎవల కోసం తాళం?"

"దొంగల కోసం గాదు. నీ కోసమే" అన్నాను.

పరాచికమనుకున్నాడు. పగలబడి నవ్వి, అన్నం పెట్టమని కూర్చున్నాడు.